మడవేళ్ళు తేలేదాకా

అనగనగా, నది తన పేరును సముద్రానికి అప్పజెప్పే చోట, ఒక లంక. ఆ లంక పేరు మడలంక. ఎటు చూసినా నీళ్ళే. తాగుదామంటే మాత్రం గుక్కెడు ఉండవు. ఇంటినిండా పిల్లలున్నా, పిలిస్తే పలికేవాడు ఒక్కడూ లేనట్టు.

ఒకప్పుడు అక్కడా మంచి బావి ఉండేది. ఒక ఏడు పెనుగాలి లేచింది. సముద్రం ఊళ్ళోకి నడిచొచ్చింది. వచ్చిన చుట్టం ఊరికే పోతుందా? పోతూ పోతూ తన ఉప్పంతా బావిలో వదిలిపోయింది. ఆనాటినుంచీ ఆ ఊరి దాహం తీర్చేది ఒకే ఒక్క పడవ. అది ఎజ్రా పడవ.

దాన్ని నీళ్ళ పడవ అనేవారు. కుండల్లో నీళ్ళు మోసే పడవ కాదది. పడవే పెద్ద కుండ. అందులో చేప పెట్టకూడదు, వల పెట్టకూడదు, కాళ్ళు కడుక్కోకుండా అడుగు పెట్టకూడదు. దాని అడుగున పిడికిలంత బెజ్జం, ఆ బెజ్జానికొక చెక్క బిరడా. నదిలో పైకి వెళ్ళి, మంచినీళ్ళున్న చోట బిరడా ఊడదీస్తే, నది తనంతట తానే పడవలోకి ఎక్కేది. సగానికి పైగా నిండగానే బిరడా బిగించి, ఊరికి తెచ్చి, చర్చి పక్కనున్న రాతి తొట్టిలో పోసేవారు. ఊరంతా ఆ తొట్టిలోనే ముంచుకునేది.

చెప్పడానికి తేలికే. కానీ సముద్రం పక్కనున్న నది ఒక తీరున ఉండదు. పూటపూటకూ సముద్రం నదిలోకి ఎక్కుతుంది. దాన్ని పోటు అంటారు. మళ్ళీ దిగిపోతుంది. దాన్ని పాటు అంటారు. ఎజ్రా పోటు మీద పడవ వేసుకుని పైకి పోయేవాడు. అక్కడొక మడచెట్టుకు తాడు కట్టి, ఇక ఆగేవాడు. ఎండ నెత్తికెక్కినా కదిలేవాడు కాదు. తలగుడ్డ తీసి, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకునేవాడు. ప్రార్థన అయ్యాక పాట పాడుకునేవాడు. పాట అయ్యాక ఊరికే కూర్చునేవాడు. పాటు మొదలై, నీళ్ళు దిగి, మడచెట్ల వేళ్ళు మోకాలెత్తున బయటికి తేలినప్పుడు గానీ బిరడా మీద చెయ్యి వేసేవాడు కాదు. అలా ఆగి, నింపి, మిగిలిన పాటు మీద ఇంటికొచ్చేసరికి పొద్దు వాలిపోయేది.

ఎజ్రాకు ఒక కూతురు. పేరు లూదియ. చురుకైన పిల్ల. గెడ వేస్తే పడవ దూసుకుపోవలసిందే. ఆ పిల్లకు దేవుడు గొప్ప నాలుక ఇచ్చాడు. మాట్లాడే నాలుక సంగతి కాదు, అది మీలో ఎవరికి తక్కువ? రుచి చూసే నాలుక. ముంతెడు నీళ్ళు నోట్లో పోసుకుని, ఇవి నిన్నటివి, ఇవి మొన్నటివి, ఈ కుండలో ఎవరో చెయ్యి పెట్టారు అని చెప్పేసేది. ఊళ్ళో అందరూ ఔరా అనేవారు. అందరూ ఔరా అంటూ ఉంటే తల కాస్త పైకి లేస్తుంది. లూదియ తల కూడా లేచింది.

ఒక వేసవిలో ఎజ్రా ఒడ్డున జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వెదురు బద్దలు కట్టి మంచం మీద పడుకోబెట్టారు. కొడుకేమో దూరపు చేపలవేటకు పోయి ఉన్నాడు. కోడలు రాహేలు అప్పుడే బాలింత. పొత్తిళ్ళలో పసిగుడ్డు. తొట్టిలో నీళ్ళు సగానికి వచ్చాయి. లూదియ తల్లి దీవెనమ్మ ముందుచూపున్న మనిషి కనుక, కోడలి కోసం ఒక కుండెడు మంచినీళ్ళు విడిగా పట్టి, మూత పెట్టి, ఇంట్లో దాచింది.

ఎజ్రా కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"అమ్మాయ్, పడవ నీకు అప్పజెబుతున్నాను. మూడు మాటలు చెబుతాను, గుర్తెట్టుకో. పోటు మీద ఎక్కు. మడవేళ్ళు తేలేదాకా ఆగు. పాటు మీద నింపు. ఎందుకు ఆగాలంటే..."

"తెలుసు నాన్నా, తెలుసు. నేను నీతో వచ్చి చూడలేదా ఏంటి?"

"చూశావు గానీ, చెప్పేది ఇను. ఎందుకంటే ఆ పోటప్పుడు..."

"అబ్బా, నాన్నా! పోటు పోతోంది. నేను వెళ్ళాలి."

గుమ్మంలో దీవెనమ్మ అడ్డంగా నిలబడింది. "నాన్న మాట మధ్యలో తుంచేసి పోతావేంటే? పూర్తిగా ఇని పో."

"వచ్చాక వింటాలే అమ్మా" అని, తల్లి చంకకింద నుంచి దూరి, లూదియ ఒడ్డుకు పరుగెత్తింది.

పోటు మీద పడవ హాయిగా సాగింది. దారిలో లూదియ తనలో తానే నవ్వుకుంది. నాన్న ఎందుకు ఆగుతాడో తనకు తెలియదా? భక్తి! నాన్న ప్రార్థన మొదలుపెడితే ఒక పట్టాన ముగించే మనిషి కాదు. ఇంట్లో అన్నం చల్లారిపోయేదాకా స్తోత్రాలు చెబుతాడు. నది మీద అడిగేవాళ్ళు ఎవరు? అందుకే వేళ్ళు తేలేదాకా కూర్చుంటాడు. ప్రార్థన కోసం ఆగడం మంచిదే. కానీ అవతల ఊరు దాహంతో ఉంటే, ఇవతల పూటంతా కూర్చోవాలా? ప్రార్థన పడవ నడుపుతూ కూడా చేసుకోవచ్చు కదా?

చూశారా పిల్లలూ! నాన్న మాటలో తెలియని ముక్క దగ్గర, ఆ పిల్ల తనకు తోచిన ముక్క అతికించుకుంది.

మడచెట్టు దగ్గరికి చేరేసరికి పోటు నిండుగా ఉంది. నీళ్ళు ఎటూ కదలకుండా నిలబడ్డాయి. మడవేళ్ళు ఒక్కటీ కనబడడం లేదు. లూదియ వంగి, దోసిలితో ముంచి, నోట్లో పోసుకుంది. కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉన్నాయి. ఇంకోచోట ముంచింది. అవీ తీపే. "చాలు" అనుకుంది. చేతులు జోడించి, కళ్ళు మూసి తెరిచేంతలో ప్రార్థన ముగించి, బిరడా ఊడదీసింది. పడవ నిండింది. బిరడా బిగించింది. అప్పుడే పాటు మొదలైంది. దాని మీదే పడవ ఇంటిదారి పట్టింది.

ఊరు చేరేసరికి ఎండ ఇంకా నెత్తినే ఉంది. ఆ రోజు చర్చిలో వానకోసం ఉపవాస ప్రార్థన. ఊరంతా లోపల మోకాళ్ళ మీద ఉంది. అందరూ బయటికొచ్చేసరికి తొట్టి నిండుగా కనిపిస్తే ఎంత బాగుంటుంది! లూదియ ఆ ఉబలాటంలో కుండ తర్వాత కుండ మోసి, తొట్టిలో ఉన్న పాత నీళ్ళమీదే మొత్తం పోసేసింది. మళ్ళీ రుచి చూడలేదు. నది దగ్గరే చూసింది కదా!

ఆమేన్ అన్నారు. తలుపులు తెరుచుకున్నాయి. పొద్దుటినుంచీ పచ్చినీళ్ళు ముట్టని జనం తొట్టి దగ్గరికి వచ్చారు. అందరికన్నా ముందు సంఘపెద్ద యోబు తాత ముంత ముంచి, కళ్ళు మూసుకుని, "స్తోత్రం ప్రభువా" అని గుక్క పుచ్చుకున్నాడు. మరుక్షణం తుపుక్కున ఊసేశాడు.

"ఉప్పే! ఉప్పు కషాయం!"

లూదియ నవ్వింది. తాత పరాచికాలు ఆడుతున్నాడు అనుకుంది. తానూ ఒక ముంత ముంచి తాగింది. నాలుక చివర చురుక్కుమంది. ఉప్పు. ఉప్పే.  తీపి నీళ్ళు పోసింది తను. తన చేతులతో పోసింది. మధ్యలో ఎవరూ ముట్టలేదు. మరి ఉప్పెక్కడిది?

తొట్టిలో ఉన్న పాత మంచినీళ్ళు కూడా దానితో కలిసి పాడైపోయాయి. ఊళ్ళో ఇక మిగిలింది, ఎవరింట్లో వాళ్ళకున్న చెంబెడు నీళ్ళూ, దీవెనమ్మ దాచిన బాలింత కుండా.

సంగతి మంచం మీదున్న ఎజ్రాకు చేరింది. అతను కూతురి ముఖంలోకి చూశాడు.

"ఆగావా అమ్మా?"

లూదియ మనసులోనే లెక్క వేసుకుంది. ఆగిందా? ఆగింది. పడవ ఆపింది. ప్రార్థన చేసింది. అది ఆగడం కాదా? ఆ కాస్త సందు దొరికేసరికి మాట అందులోంచి జారిపోయింది.

"ఆగాను నాన్నా."

దీవెనమ్మ గుమ్మంలోంచి అడిగింది. "పొద్దు నడినెత్తినుండగానే వచ్చావేంటే మరి?"

"గాలి కలిసొచ్చింది."

దీవెనమ్మ కూతుర్ని ఎగాదిగా చూసింది. "రుచి చూసేదీ నాలుకే, తప్పు చెప్పేదీ నాలుకే. చూసుకో" అని మాత్రం అంది.

పడవలోనే ఏదో దోషం ఉందన్నారు ఊరివాళ్ళు. ఎవరో తెలియక ఎండుచేపల తట్ట పెట్టి ఉంటారన్నారు. లూదియ ఆ మాట గట్టిగా పట్టుకుంది. అవును, పడవే! ఇసుకా కొబ్బరిపీచూ పెట్టి పడవను తోమింది. అరచేతులు బొబ్బలెక్కేదాకా తోమింది. అంత కష్టం ఆగడంలో ఉండేది కాదు, కానీ మొండితనానికి కష్టమంటే ఇష్టం.

మళ్ళీ పోటు వచ్చింది. మళ్ళీ పడవ పైకి పోయింది. ఈసారి లూదియ ప్రార్థన తగ్గించలేదు. మోకాళ్ళూనింది. చేతులు పైకెత్తింది. మడచెట్ల మీద కొంగలు లేచిపోయేంత గట్టిగా ప్రార్థించింది. "ప్రభువా, ఈ నీళ్ళు ఆశీర్వదించు! నా పడవను శుద్ధి చెయ్యి! శత్రువు చెయ్యి పడనీయకు!" అన్నీ అడిగింది. ఒక్కటే అడగలేదు. నాన్న ఎందుకు ఆగమన్నాడు అన్నది మాత్రం దేవుణ్ణి కూడా అడగలేదు.

ముంచి చూసింది. తీపి. పడవకు అటువైపు ముంచి చూసింది. తీపి. చుక్క చుక్కగా నాలుకమీద వేసుకుని చూసింది. తీపి, తీపి, తీపి! మరి ఆగడం దేనికి? మడవేళ్ళు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. బిరడా తీసింది. నీళ్ళతోపాటు బెజ్జంలోంచి ఒక చిన్న పీత కూడా లోపలికి వచ్చి పడింది. "ఛీ, పో" అని దాన్ని తీసి నదిలోకి విసిరింది.

ఊళ్ళో ఈసారి అందరూ ఒడ్డునే నిలబడి ఉన్నారు. ఎవరూ తొట్టిలో పొయ్యనివ్వలేదు. యోబు తాత పడవలోనే ముంచి, పెదవులకు తాకించి, ముంత కింద పెట్టేశాడు.

ఉప్పు.

లూదియకు మతి పోయినట్టైంది. పడవ ముందువైపు ముంచింది, వెనకవైపు ముంచింది. ఉప్పే. నాలుక చెడిందా? నదికి దెయ్యం పట్టిందా? ఆ పీత ఏమైనా చేసిందా? అంత ప్రార్థన చేస్తే దేవుడు తీపిని ఉప్పు చేస్తాడా? నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పిల్ల మోకాటిలోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయింది.

ఎజ్రాను మంచంతో సహా మోసుకొచ్చి చర్చి ముందు దించారు. ఊరంతా చుట్టూ కూర్చుంది.

"ఎజ్రా, ఏంటిది?" అన్నాడు యోబు తాత. "మీ నాన్న కాలం నుంచీ ఇలా ఎన్నడూ జరగలేదే."

ఎజ్రా కూతురి వైపు తిరిగాడు. "ఆగావా అమ్మా?"

అందరూ వింటున్నారు. ఇప్పుడు లేదంటే, నిన్న చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. అయినా ఆగితే మాత్రం ఏం మారేది? ముంచిన చోటల్లా తీపేగా! లూదియ తల దించుకుంది.

"ఆగాను నాన్నా."

ఎజ్రా మోచేతులూని మంచం మీద లేచాడు. తర్వాత ఊరివాళ్ళకేసి చూశాడు.

"నా కూతురు అబద్ధం ఆడదు. ఆగానంటోంది. వేళ్ళు తేలాక కూడా నీళ్ళు ఉప్పుగా ఉన్నాయంటే నది మారిపోయినట్టే. మా నాన్న చెప్పిన మాటకు ఇక కాలం చెల్లింది. నేను ఇన్నాళ్ళూ మీకు చెప్పింది తప్పు. నన్ను మన్నించండి."

అతను చేతులు జోడించాడు. తండ్రి ఎవరిముందూ అలా చేతులు జోడించడం లూదియ ఎన్నడూ చూడలేదు.  ఇప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచింది. ఊరందరి చూపూ తనమీదే ఉండడం చూసి, మళ్ళీ మూసేసింది.

నది మారిపోతే ఇక లంకలో బతుకెలా? పెద్దలు తలలు వంచుకుని మాట్లాడుకున్నారు. నది పైకి పోయినా ఉప్పే అనుకుని, ఊరు ఖాళీ చెయ్యాలన్నారు. రేపటి పాటు మీద పడవలు సముద్రంలోకి దిగి, ఒడ్డువెంట పోయి, ఎక్కడ మంచినీళ్ళు దొరికితే అక్కడ దిగిపోవాలన్నారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఇళ్ళకు పోయారు. పుట్టిన ఊరు, పెళ్ళాడిన చర్చి, తల్లిదండ్రుల సమాధులు, అన్నీ వదిలి పోవాలి.

ఇంట్లో రాహేలు గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. పాలు పడక పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. పచ్చిబాలింత ఎండలో సముద్రం మీద ఎలా ప్రయాణం చేస్తుంది?

మర్నాడు తెల్లవారుతూనే లూదియ పడవ దగ్గరికి పోయింది. దీవెనమ్మ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. చేతిలో ఒక మట్టి ముంత.

"మీ వదిన కుండలో అడుగు కనబడుతోందే" అంది దీవెనమ్మ. కూతురి చేతికి ముంత ఇచ్చింది. "నిన్నూ మొన్నా తొందరగా వచ్చావు. ఇవాళ ఆలస్యమైనా నేనేమీ అనను. ఆలస్యంగానే రా అమ్మా."

తల్లికి తెలుసు! ఎప్పటినుంచి తెలుసో, తెలిసీ ఊరి ముందు ఎందుకు బయటపెట్టలేదో! తానే చెబుతానని చూసిందా? లూదియకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. గెడ ఊనింది. పోటు పడవను తీసుకుపోయింది.

మడచెట్టు దగ్గర నీళ్ళు నిండుగా నిలబడి ఉన్నాయి. లూదియ ముంచి తాగింది. తీపే. చెయ్యి తనంతట తానే బిరడా మీదికి పోయింది. నాలుక నింపమంటోంది. ఇంటికి పోతే ఉప్పంటోంది. నాన్న ఆగమంటున్నాడు. నాన్నే తన మాట తప్పంటున్నాడు. ఏది నిజం? ఎవరిని నమ్మాలి? తలలో ఆలోచనలు చిక్కుపడిన వలలా ఉన్నాయి. ఎక్కడ లాగినా ముడి బిగుసుకుంటోంది.

ఆ పిల్ల పడవలో కూలబడి ఏడ్చింది. ఈసారి ప్రార్థన గట్టిగా రాలేదు, పొడుగ్గా రాలేదు.

"ప్రభువా, నాకేం అర్థం కావట్లేదు. నాన్న ఆగమన్నాడు. ఎందుకో తెలీదు. అయినా ఆగుతాను."

అని, బిరడా మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఏడుపెందుకమ్మా? ఇక్కడున్న ఉప్పు చాలదా?" అంది ఒక గొంతు.

మడచెట్టు కొమ్మ మీద ఒక చిన్న పీత. పీతలు మాట్లాడతాయా అని అడక్కండి. మాట వినే చెవి దొరికితే దేవుడు ఎవరి నోరైనా తెరుస్తాడు.

"నువ్వు... నిన్న నేను విసిరేసిన పీతవా?"

"అవును. విసిరావు గానీ ఒక్క ప్రశ్న అడగలేదు. నేను ఉప్పునీళ్ళ పీతను. మంచినీళ్ళలో ఒక పూట బతకను. మరి నీ పడవ కింద ఇంత సుఖంగా ఎలా ఉన్నాను?"

లూదియ వంగి పడవ కింది నీళ్ళలోకి చూసింది.

"నువ్వు పైన ఉంటావు" అంది పీత. "పైనే ముంచుతావు, పైనే రుచి చూస్తావు. నేను అడుగున ఉంటాను. ఉప్పునీళ్ళు బరువు తల్లీ. పోటు వచ్చినప్పుడు అవి కిందనుంచి దూరి పడుకుంటాయి. మంచినీళ్ళు తేలిక. వాటి మీద దుప్పటిలా పరుచుకుంటాయి. నీ బిరడా ఎక్కడుంది?"

"పడవ అడుగున."

"పడవ నిండేకొద్దీ పైకి లేస్తుందా, కిందికి దిగుతుందా?"

"దిగుతుంది" అంటూనే లూదియ బిరడా కేసి చూసింది. తల్లి ఇచ్చిన ముంతను బోర్లించి, భుజం మునిగేదాకా నీళ్ళలోకి దించి, అక్కడ వెల్లకిలా తిప్పింది. బుడబుడమని గాలి పైకి వచ్చింది. ముంత తీసి నోట పెట్టుకుంది.

ఉప్పు! అది నిన్నటి ఉప్పు, మొన్నటి ఉప్పు, తొట్టిలో యోబు తాత ఊసేసిన ఉప్పు.

నాలుక అబద్ధం చెప్పలేదు. అది తాను ముట్టినంత మేరకు నిజమే చెప్పింది. అందని దాని సంగతి నాన్న చెప్పబోతే, తనే మధ్యలో తుంచేసింది. అదంతా ఇప్పుడు లూదియకు అర్థమైంది.

"పాటు వచ్చి నీళ్ళు దిగాలి" అంది పీత. "కిందున్న ఉప్పంతా వెనక్కి పోతుంది. అప్పుడు పైనా తీపే, కిందా తీపే. వేళ్ళు తేలడం దానికి గుర్తు. మీ నాన్నకు ఇదంతా తెలుసు. నా వాళ్ళకూ తెలుసు. నీకే తెలియదు."

లూదియ ఆగింది. ఆగడమంటే ఏమిటో ఆ రోజు తెలిసొచ్చింది. ఎండ మాడ్చింది. దోమలు కుట్టాయి. అవతల ఊరివాళ్ళు సామాన్లు సర్దుకుంటూ ఉంటారని తలచుకుంటే కూర్చున్నచోట కూర్చోలేకపోయింది. పరుగెత్తి పోయి ఆపాలి. కానీ ఉత్త చేతులతో పోతే, రెండుసార్లు ఉప్పు తెచ్చిన మనిషి మాట ఎవరు వింటారు? ఇక్కడ ఆగితే అక్కడ జనం పోతారు. ఇక్కడ ఆగకపోతే వదినకు నీళ్ళు లేవు. మొదటి రోజే ఆగి ఉంటే ఈ రెండింటిలో ఏదీ ఎంచుకునే పని ఉండేది కాదు.

నీళ్ళు కదిలాయి. మెల్లగా, చాలా మెల్లగా దిగసాగాయి. మడవేళ్ళు ఒక్కొక్కటే తలెత్తాయి. "నా నీళ్ళు పోతున్నాయి. నేనూ పోతున్నాను" అని పీత బురదలోకి జారిపోయింది. వేళ్ళు మోకాలెత్తున తేలాక లూదియ ముంత దించి అడుగునీళ్ళు తాగింది. తీపి. అప్పుడు బిరడా తీసింది.

ఊరు చేరేసరికి పొద్దు వాలింది. ఒడ్డున సగం పడవలు లేవు. దూరాన సముద్రం మీద తెరచాపలు చిన్నచిన్నగా కనబడుతున్నాయి. లూదియ ఏ పాటు కోసం అంతసేపు ఆగిందో, ఆ పాటే వాళ్ళను మోసుకుపోయింది.

"ఆగండి!" అని అరిచింది. "నది మారలేదు! నేనే ఆగలేదు! ఆగండి!"

గాలి ఆ కేకను ఊరివైపే తిప్పికొట్టింది. తెరచాపలు వెనక్కి తిరగలేదు. మిగిలినవాళ్ళు మూటలు కింద పెట్టి చూస్తున్నారు. యోబు తాత కర్ర పొడుచుకుంటూ నీళ్ళలోకి దిగి వచ్చి, పడవలో ముంచి తాగాడు. మళ్ళీ తాగాడు. ముసలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తీపే" అన్నాడు. "ఇంకొక్క పూట ముందు చెప్పి ఉంటే, నా తమ్ముడు నా పక్కనే ఉండేవాడు కదమ్మా."

లూదియ తల వంచుకుని తాత ముంతను మళ్ళీ నింపింది. 

దీవెనమ్మ కడవ ముంచుకుని ఇంటికి పరుగెత్తింది. రాహేలు ఆవురావురుమంటూ తాగింది. ఆ రాత్రికే పాలు పడ్డాయి. బిడ్డ ఏడుపు ఆపింది. ఆ మేరకు దేవుడు చల్లగా చూశాడు.

లూదియ తండ్రి మంచం దగ్గర మోకరించింది.

"నేను ఆగలేదు నాన్నా. మొదటిసారీ ఆగలేదు, రెండోసారీ ఆగలేదు. నీ ముఖం చూసి అబద్ధం ఆడాను."

ఎజ్రా ఇంటి కప్పు కేసి చూస్తూ అన్నాడు. 

"నీ మాట నమ్మి, మా నాన్న మాట తప్పన్నాను. ఊరందరి ముందూ అన్నాను. నీళ్ళు ఉప్పైతే పారబోసుకుంటాం. ఊరు నన్ను నమ్మింది, నేను నిన్ను నమ్మాను. ఆ నమ్మకం ఎక్కడని వెతకాలి?"

లూదియ వెక్కివెక్కి ఏడ్చింది. ఎజ్రా చెయ్యి కాసేపు గాలిలో ఆగి, కూతురి తలమీద వాలింది. "ప్రభువా, నా బిడ్డ దారితప్పి తిరిగొచ్చింది. దీన్ని మన్నించు. నాకూ మన్నించే మనసియ్యి" అని ప్రార్థించాడు. తండ్రి మన్నించాడు. దేవుడూ మన్నించాడు. కానీ మన్నింపు దొరికినంత మాత్రాన మూసిన తలుపులన్నీ తెరుచుకోవు.

ఆ తర్వాత ఒడ్డువెంట ఊరూరా తిరిగింది లూదియ. కనబడిన ప్రతి మడలంకవాడి ముందూ నిలబడి, "తప్పు నాది. నది మంచిదే. మా నాన్న మాట మంచిదే. తిరిగి రండి" అని చెప్పింది. కొందరు వచ్చారు. కొందరు అప్పటికే కొత్తచోట గుడిసెలు వేసుకున్నారు. కొందరి జాడే దొరకలేదు. యోబు తాత తమ్ముడు రాలేదు. ఆదివారం చర్చిలో చాప మీద అతని చోటు ఖాళీగా ఉండేది. తాత ప్రతివారం పక్కకు జరగకుండా, ఆ చోటు అలాగే వదిలి కూర్చునేవాడు. లూదియ ప్రతివారం ఆ చోటును చూసేది.

కన్నవాళ్ళు ఆగమన్నచోట ఆగడం కూడా ప్రార్థనే. వాళ్ళ మాట దాటి చేసే ప్రార్థన ఎంత పొడుగైనా, ఎవరి దాహమూ తీర్చదు.